ఈఎఫ్ 25 నుంచి 52కి వచ్చింది, ఇక మందులు ఆపొచ్చా?

అమ్మా, మీరు రాసినదంతా చదివాను. నాన్నగారికి 56 ఏళ్లు, తెనాలిలో షాపు చూసుకుంటారు. పోయినేడాది ఆయాసంతో ఆస్పత్రిలో చేరితే ఎకోలో ఈఎఫ్, అంటే కొట్టుకున్న ప్రతిసారీ గుండె బయటికి పంపే రక్తం, 25 శాతం వచ్చింది. యాంజియోగ్రామ్‌లో బ్లాకులు లేవు, డైలేటెడ్ కార్డియోమయోపతి, అంటే గుండె కండరం సాగి వీక్ అయ్యే జబ్బు అన్నారు. ఏడాదికి పైగా మందులు వాడాక మొన్నటి ఎకోలో 52 చూపించింది. ఇప్పుడు బంధువులంతా “నార్మల్ అయిపోయిందిగా, ఇంకా ఇన్ని మాత్రలు మింగితే కిడ్నీలు పోతాయి” అంటున్నారు. ఆయన కూడా రాత్రి మాత్రలు అప్పుడప్పుడూ ఎగ్గొడుతున్నారు. తిరుమలకు నడిచి వెళ్లాలన్న మొక్కు ఒకటుంది. ఎవరో తెల్లమద్ది చెక్క కషాయం మంచిదన్నారు. వీటిలో ఏది చేయొచ్చు, ఏది కూడదు అని అడిగారు.

గుండె పంపింగ్ తగ్గినవాళ్లను చాలా ఏళ్లుగా చూస్తున్న కార్డియాలజిస్టుగా ముందే చెప్పేస్తాను. నాన్నగారు గుండెకు వాడుతున్న నాలుగు ముఖ్యమైన మందుల్లో ఒక్కటి కూడా ఆపకండి. రాత్రి మాత్రలు ఈరోజు నుంచే మళ్లీ సరిగ్గా వేయించండి.

25 నుంచి 52కి రావడం చిన్న విషయం కాదు, అందుకు మీరంతా సంతోషించాల్సిందే. పాతికేళ్ల క్రితం ఇలాంటి రిపోర్టు మాకు అరుదుగా కనిపించేది. అయితే గుండె కోలుకోవడం వేరు, జబ్బు నయం కావడం వేరు. ఈ తేడాను సరిగ్గా పరీక్షించిన అధ్యయనం ఒకటుంది. లండన్‌లోని రాయల్ బ్రాంప్టన్ ఆస్పత్రి డాక్టర్లు చేసిన ఆ అధ్యయనం పేరు ట్రెడ్-హెచ్‌ఎఫ్, ఫలితాలు 2018లో వచ్చాయి. వాళ్లు అచ్చం మీ నాన్నగారి లాంటివాళ్లనే తీసుకున్నారు. డైలేటెడ్ కార్డియోమయోపతి వచ్చి, ఒకప్పుడు ఈఎఫ్ 40 కంటే తక్కువ ఉండి, మందులతో 50 దాటి, ఆయాసం, వాపు ఏమీ లేనివాళ్లు మొత్తం 51 మంది. వారిలో 25 మందికి డాక్టర్ల పర్యవేక్షణలోనే మెల్లమెల్లగా మందులు తగ్గించి ఆపారు. మిగతావాళ్లు మందులు కొనసాగించారు. ఆరు నెలలు గడిచేసరికి ఆపినవాళ్లలో 11 మందికి, అంటే 44 శాతం మందికి, జబ్బు తిరగబెట్టింది. కొనసాగించినవాళ్లలో ఒక్కరికీ తిరగబెట్టలేదు. అది కూడా ఎప్పటికప్పుడు పరీక్షలు చేస్తూ, తేడా కనపడగానే మందులు మళ్లీ మొదలుపెట్టే ఏర్పాటు ఉన్నచోట. ఇంట్లో మనంతట మనం ఆపితే ఆ కాపలా ఉండదు. తేడా వచ్చిన సంగతి ఆయాసం మొదలయ్యాక గానీ తెలియదు.

ఎందుకిలా జరుగుతుందంటే, పంపింగ్ తగ్గగానే శరీరం దాన్ని పెద్ద ప్రమాదంగా భావించి అడ్రినలిన్, యాంజియోటెన్సిన్, ఆల్డోస్టిరాన్ లాంటి హార్మోన్లను గట్టిగా విడుదల చేస్తుంది. వాటివల్ల గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, ఒంట్లో ఉప్పు, నీరు నిలుస్తాయి. నాలుగు రోజులపాటు అది సాయమే. నెలల తరబడి సాగితే ఆ ఒత్తిడికే గుండె సాగి, పెద్దదై, ఇంకా వీక్ అవుతుంది. మీ నాన్నగారి మందులు చేసింది ఆ హార్మోన్ల ధాటిని ఆపడం. ఆ ఒత్తిడి తగ్గితే గుండె క్రమంగా పాత సైజుకు దగ్గరవుతుంది. మందులు తీసేస్తే ఆ హార్మోన్లు మళ్లీ తయారు. లోపల కండరంలో మొదట ఏ లోపం వల్ల ఇదంతా వచ్చిందో అది చాలామందిలో అలాగే ఉంటుంది. కొందరిలో జన్యువుల్లోనే ఉంటుంది. ఎంఆర్‌ఐ తీస్తే ఈఎఫ్ నార్మల్ అయినవాళ్లలోనూ మచ్చ కణజాలం కనపడటం మామూలే.

దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. థైరాయిడ్ ఎక్కువై, లేదా గుండె చాలాకాలం విపరీతమైన వేగంతో కొట్టుకుని, లేదా రోజూ మద్యం తాగడం వల్ల పంపింగ్ పడిపోయినవాళ్లలో ఆ కారణం పూర్తిగా తొలగిపోతే మందులు తగ్గించే సంగతి డాక్టరు ఆలోచించవచ్చు. అదీ నిదానంగా, ఎకోలు చేస్తూ. నాన్నగారికి మద్యం అలవాటు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే మాత్రం పూర్తిగా మానాలి. “అకేషన్‌కి ఒక పెగ్గు” అనే బేరం ఈ జబ్బులో కుదరదు.

ఇప్పుడు ఆ మాత్రల సంగతి. సాక్యుబిట్రిల్-వాల్సార్టన్, కార్వెడిలాల్, స్పైరోనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్ అని రాశారు. ఈ రోజుల్లో ఇవ్వాల్సిన నాలుగూ ఇవే, మీ డాక్టరు సరిగ్గా ఇచ్చారు. ఇంట్లో గొడవంతా వీటి పేర్ల దగ్గరే మొదలవుతుంది. మెడికల్ షాపు అబ్బాయి మొదటి మూడింటినీ బీపీ మాత్రలంటాడు, నాలుగోది షుగర్ మాత్ర అంటాడు. “మా ఆయనకు బీపీ లేదు, షుగరూ లేదు, ఇవన్నీ దేనికి?” అని ఇంటావిడ కంగారు పడుతుంది. ఈ నాలుగూ ఇక్కడ గుండె కోసం ఇచ్చినవి. స్పైరోనోలాక్టోన్ కలిపితే మరణాలు 30 శాతం తగ్గాయని 1999లోనే తేలింది. డాపాగ్లిఫ్లోజిన్ షుగర్ లేనివాళ్లకూ అంతే మేలు చేస్తుందని 2019లో తేలింది.

ఇంకో కంగారు కూడా మీకు ఎదురవుతుంది, ముందే చెబుతున్నా. డాపాగ్లిఫ్లోజిన్ పనిచేసే పద్ధతే మూత్రంలోకి గ్లూకోజును పంపించడం. కాబట్టి ఎప్పుడైనా యూరిన్ టెస్ట్ చేయిస్తే షుగర్ దగ్గర మూడు నాలుగు ప్లస్‌లు కనపడతాయి. ల్యాబ్‌వాళ్లు భయపెడతారు. రక్తంలో షుగర్ నార్మల్‌గా ఉంటే అది మందు పనిచేస్తోందనడానికి గుర్తే తప్ప జబ్బు కాదు. ఆ తీపి వల్ల జననాంగాల దగ్గర ఫంగస్, దురద వచ్చే అవకాశం ఉంది. నీళ్లతో శుభ్రంగా కడుక్కుని పొడిగా ఉంచుకుంటే చాలావరకు రాదు. మగవాళ్లు ఈ మాట సిగ్గుపడి చెప్పరు, మాత్ర మాత్రం గుట్టుగా మానేస్తారు. నాన్నగారు రాత్రివే మానేస్తున్నారు కాబట్టి కారణం ఇది కాకపోవచ్చు, అయినా అమ్మగారి ద్వారా ఒకసారి అడిగించండి. స్పైరోనోలాక్టోన్‌తో కొందరు మగవాళ్లకు ఛాతీ ఉబ్బి నొప్పి పెడుతుంది. దానికి బదులు ఎప్లెరినోన్ ఇస్తారు, మానేయాల్సిన పని లేదు.

రాత్రి మాత్రల విషయం ఎందుకు పట్టించుకోమంటున్నానంటే, సాక్యుబిట్రిల్-వాల్సార్టన్, కార్వెడిలాల్ రెండూ పొద్దున, రాత్రి రెండు పూటలా వేసుకోవాల్సినవి. రాత్రి ఎగ్గొడితే సగం మందే వాడినట్టు. కార్వెడిలాల్ లాంటి బీటా బ్లాకర్‌ను హఠాత్తుగా ఆపితే గుండె వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. కళ్లు తిరుగుతున్నాయని మానేస్తున్నారా, భోజనం ఆలస్యమై మర్చిపోతున్నారా, ఖర్చుకు వెనకాడుతున్నారా అన్నది తెలుసుకోండి. మూడింటికీ దారి ఉంది. కార్వెడిలాల్ అన్నంతో పాటే వేసుకుంటే కళ్లు తిరగడం తగ్గుతుంది. ఖర్చు విషయానికొస్తే, 2023 నుంచి సాక్యుబిట్రిల్-వాల్సార్టన్‌ను చాలా కంపెనీలు తయారు చేస్తున్నాయి, ధర బాగా దిగింది. డాపాగ్లిఫ్లోజిన్ ధర అంతకుముందే తగ్గింది. డాక్టర్ని అడిగి చవకైన బ్రాండు రాయించుకోండి, జన ఔషధి కేంద్రంలోనూ వాకబు చేయండి. బీపీ మిషన్‌లో పై అంకె 100 దగ్గర కనిపిస్తోందని మాత్ర ఆపకండి. నిలబడితే కళ్లు తిరగకుండా, మామూలుగా పనులు చేసుకుంటుంటే ఈ జబ్బులో 100 మంచి బీపీయే.

కిడ్నీల భయం పూర్తిగా నిరాధారం కాదు, అందుకే ఒకటికి నాలుగు మాటలు చెప్పాలి. ఈ మందులు మొదలుపెట్టినప్పుడు క్రియాటినిన్, అంటే కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె, కాస్త పెరుగుతుంది. 30 శాతం లోపు పెరిగి ఆగితే మేము కంగారుపడం. డాపాగ్లిఫ్లోజిన్ అయితే దీర్ఘకాలంలో కిడ్నీలను కాపాడే మందు. మేము అసలు జాగ్రత్తగా చూసేది పొటాషియం. స్పైరోనోలాక్టోన్, వాల్సార్టన్ రెండూ దాన్ని పెంచుతాయి, మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది. అందుకే నిలకడగా ఉన్నవాళ్లకైనా మూడు నాలుగు నెలలకోసారి క్రియాటినిన్, పొటాషియం చూడాలి. ఇక్కడే మంచి చేద్దామని పోయి చెడు చేసుకునేవాళ్లున్నారు. ఉప్పు తగ్గించమన్నారని షాపులో దొరికే తక్కువ సోడియం ఉప్పు కొంటారు. అందులో సోడియం బదులు కలిపేది పొటాషియమే. ఎండాకాలం చలవ అని రోజూ రెండు కొబ్బరి బోండాలు తాగిస్తారు. కొబ్బరి నీళ్లలోనూ పొటాషియం దండిగా ఉంటుంది. ఆ ఉప్పు వద్దే వద్దు. బోండాం ఎప్పుడో ఒకటి తాగొచ్చా అన్నది పొటాషియం రిపోర్టు చూసి మీ డాక్టరు చెబుతారు.

నిజంగా కిడ్నీలను, గుండెను కలిపి దెబ్బతీసేవి వేరే ఉన్నాయి. మోకాళ్ల నొప్పులకని చీటీ లేకుండా కొనే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు ఒంట్లో ఉప్పు, నీరు పట్టిస్తాయి. ఈ నాలుగు మందులతో కలిసినప్పుడు కిడ్నీలకు మరీ ప్రమాదం. ఏడాది పాటు చక్కగా ఉన్న మనిషి వారం రోజులు నొప్పి మాత్రలు వాడి ఆయాసంతో ఎమర్జెన్సీకి రావడం మాకు కొత్త కాదు. నొప్పికి పారాసిటమాల్ వాడండి.

రెండోది సెలైన్. మన ఊళ్లలో నీరసంగా ఉందంటే చాలు, “ఒక బాటిల్ ఎక్కించండి డాక్టరుగారూ” అనడం, ఎక్కించడం అలవాటైపోయింది. లెక్క చూడండి. మామూలు సెలైన్ లీటరులో 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. అర లీటరు బాటిల్ ఎక్కిస్తే నాలుగున్నర గ్రాములు నేరుగా రక్తంలోకి వెళ్లినట్టు. రోజు మొత్తానికి ఆరోగ్యవంతుడు తినాల్సిన ఉప్పు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కూరలో చిటికెడు ఉప్పు కోసం ఇంట్లో యుద్ధాలు చేసి, అరగంటలో ఇంత ఉప్పు, పైగా అర లీటరు నీరు ఎక్కించడమేమిటి? వాంతులు, విరేచనాలై ఒంట్లో నీరు నిజంగా పోయినప్పుడు ఆస్పత్రిలో చూసుకుంటూ ఎక్కిస్తారు, అది వేరు. ఊరికే నీరసానికి మాత్రం వద్దు. నాన్నగారి పర్సులో “గుండె పంపింగ్ తక్కువ ఉన్న పేషెంటు, సెలైన్, నొప్పి ఇంజెక్షన్లు ఇచ్చేముందు అడగండి” అని రాసిన కాగితం, మందుల లిస్టు పెట్టండి.

ఉప్పు గురించి అందరికీ తెలిసిందే, కాబట్టి ఒక్క మాటతో వదిలేస్తా. చాలా ఇళ్లలో కూరలో తగ్గిస్తారు, పక్కన ఆవకాయ, అప్పడం, వడియం, సాయంత్రం మిక్చరు యథాతథంగా ఉంటాయి. ముందు ఆ పక్కనున్నవి తగ్గించండి. కూరలో మామూలులో సగం ఉప్పు వేసి, నిమ్మరసం, మిరియాలు, కొత్తిమీరతో లాగించొచ్చు. మరీ చప్పిడి పెట్టి ఆయన సరిగ్గా తినకుండా చిక్కిపోతే అసలుకే ఎసరు. నీళ్ల విషయంలోనూ అంతే. వాపు, ఆయాసం లేకుండా నిలకడగా ఉన్నవాళ్లు గ్లాసులు లెక్కపెట్టుకుంటూ దాహంతో అల్లాడాల్సిన పనిలేదు. మే నెలలో అయితే అసలే వద్దు. దాహం వేసినంత తాగొచ్చు, గబగబా లీటర్లు తాగేయకూడదు.

నీటి మాత్ర, అంటే లాసిక్స్ గానీ డైటార్ గానీ, ఒక్కటే తగ్గించే అవకాశం ఉన్నది. అది గుండెను బాగు చేసే మందు కాదు, చేరిన నీటిని తీసేది మాత్రమే. వాపు లేదు, బరువు నిలకడగా ఉంది అంటే డాక్టరు దాన్ని తగ్గిస్తారు, ఆపేస్తారు కూడా. ఆయన మాత్రలు తగ్గించుకోవాలని పట్టుబడితే ఆ బేరం దీని మీద పెట్టించండి. విరేచనాలు, వాంతులు, తిండి సయించని జ్వరం వచ్చిన రోజుల్లో మాత్రం వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి. నీటి మాత్ర, స్పైరోనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్ ఒకటి రెండు రోజులు ఆపమంటారు, తేరుకోగానే మళ్లీ మొదలు. ఏదైనా ఆపరేషన్‌కు కూడా డాపాగ్లిఫ్లోజిన్‌ను మూడు రోజుల ముందు నుంచి ఆపుతారు.

ఇంట్లో మీరు చేయగలిగిన అన్నిటికన్నా విలువైన పని బరువు చూడటం. పొద్దున లేచి బాత్రూమ్‌కు వెళ్లి వచ్చాక, టిఫిన్‌కు ముందు, రోజూ ఒకే మిషన్ మీద, ఒకే రకం బట్టలతో. క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే రాసేయండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. పాదం వాచేసరికే ఒంట్లో కిలోలకొద్దీ నీరు చేరి ఉంటుంది కాబట్టి మిషన్ ముందు చెబుతుంది, కాలు తర్వాత చెబుతుంది. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో పదిసెకన్లు నొక్కి తీసి చూడండి, సొట్ట మిగిలితే వాపు ఉన్నట్టే. ఒక దిండుతో పడుకునేవాళ్లు రెండు దిండ్లు అడగడం, వంగి చెప్పులు వేసుకుంటే ఊపిరి సలపకపోవడం, పడుకుంటే పొడి దగ్గు, కొద్దిగా తినగానే కడుపు నిండిపోవడం, ఇవన్నీ ఒకే కోవలోవి. ఎకో డేటు దాకా ఆగకుండా ఆ రోజే ఫోన్ చేయండి. కళ్లు తిరిగి పడిపోవడం, కూర్చున్నా తగ్గని ఆయాసం, నురగ కఫం అయితే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

అంత పెద్దగా పట్టించుకోకూడనిది ఈఎఫ్‌లో వచ్చే చిన్న తేడా. ఎకోలో ఆ అంకె చూసేవాళ్ల కంటిని బట్టి ఐదారు పాయింట్లు అటూ ఇటూ అవుతుంది. ఈసారి 52, వచ్చేసారి 47 అంటే గుండె పడిపోయిందని టెన్షన్ పడకండి. వీలైతే ఒకేచోట చేయించండి, గుండె సైజు పెరిగిందా అన్నది కూడా అడగండి. దానికి తోడు గుండె మీద ఒత్తిడిని చూపే రక్తపరీక్ష చేయిస్తే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అనేదే రాయించుకోండి. ఉత్త బీఎన్‌పీ ఆయనకు పనికిరాదు, సాక్యుబిట్రిల్ వాడేవాళ్లలో అది మందు వల్లే పెరుగుతుంది.

నడక మంచి మందు. రోజూ అరగంట, పక్కవాళ్లతో మాట్లాడుతూ నడవగలిగే వేగంలో. మాట్లాడలేకపోతే వేగం ఎక్కువైనట్టు. షాపు చూసుకోవచ్చు, స్కూటర్ నడపొచ్చు. బరువైన మూటలు ఊపిరి బిగబట్టి ఎత్తకూడదు. తిరుమల నడక సంగతి వేరు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దాకా దూరం, చివర్లో మోకాళ్ల పర్వతం నిట్టనిలువు. గుండె జబ్బులున్నవాళ్లు నడిచి రావద్దని టీటీడీ కూడా చెబుతుంది. నా మాటా అదే, ఈ ఏడాది బస్సులో వెళ్లి దర్శనం చేసుకురండి. ఆ తర్వాత కూడా ఆయన నడుస్తానంటే ముందు ట్రెడ్‌మిల్ పరీక్ష, గుండె లయను రోజంతా రికార్డు చేసే 24 గంటల హోల్టర్ చేయించి, మీ డాక్టరు ఒప్పుకున్నాకే. ఎక్కేరోజు పొద్దున కూడా మాత్రలు మానకూడదు. దర్శనం అయ్యేదాకా ఏమీ తీసుకోనని పట్టుపట్టేవాళ్లున్నారు, అది కుదరదని ముందే మాట తీసుకోండి.

తెల్లమద్ది మీద కొన్ని చిన్న అధ్యయనాలున్నాయి గానీ, ఈ నాలుగు మందుల స్థానంలో నిలబడగలదని ఎవరూ చూపలేదు. బీపీ ఇంకా తగ్గించే అవకాశమూ ఉంది. కాబట్టి నేనైతే వద్దంటాను. ఊరూపేరూ లేని పొడులు అసలే వద్దు, వాటిలో ఏం కలుపుతారో మనకు తెలియదు. దగ్గుకు కాచే కషాయంలో అతిమధురం వేస్తే అదీ మానండి. అది ఉప్పు నీరు పట్టించి బీపీ పెంచుతుంది. ఏడాదికోసారి ఫ్లూ టీకా, ఒకసారి న్యుమోనియా టీకా వేయించడం ఈ కషాయాలన్నిటికంటే మేలు.

చివరగా, మీరు అడగనిది ఒకటి. బ్లాకులు లేకుండా వచ్చే ఈ డైలేటెడ్ కార్డియోమయోపతి కొన్ని కుటుంబాల్లో నడుస్తుంది. మీరు, మీ తోబుట్టువులు, నాన్నగారి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ ఒకసారి ఈసీజీ, ఎకో చేయించుకోండి, ఏ ఇబ్బందీ లేకపోయినా సరే. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులోనే హఠాత్తుగా పోయినా, పేస్‌మేకర్ పెట్టించుకున్నా ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. మీకు పెళ్లయి గర్భం వచ్చే ఆలోచన ఉంటే మీ ఎకో అంతకంటే ముందే కావాలి.